ఎడమచేతి మీద గీత

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దేని గురించో ముందే చెప్పేస్తాను. మా ఆయన ఓవెన్ ముందు నిలబడి ఉండగానే కుప్పకూలిపోతాడని. ఆ సంగతి మేడ మీద ఉన్న నాకు రొట్టెలు మాడిన వాసన వచ్చేదాకా తెలియదని. ఇది ఊరికే కల్పించుకున్న భయం కాదు. మా బావగారు, అంటే మా ఆయనకి అన్న, సరిగ్గా అలాగే పోయారు. అప్పటికి నేను ఈ ఇంటి కోడలిని కాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి మా అమ్మ పనిలో పెడితే, కింద బేకరీలో బన్నులు ప్యాకెట్లలో సర్దే పిల్లని. ఆ రోజు మాడు వాసన మొదట పసిగట్టింది నేనే.

కిందటి వారం సంచికలో మిమ్మల్ని మా పడకగదిలో, మధ్యాహ్నం కునుకు తీస్తున్న మా ఆయన మంచం పక్కన వదిలేశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా ఆయన భారీ మనిషి. ఆయన అక్క, మా వదిన, ఆయనకి ఏమాత్రం తీసిపోదు. చిన్నప్పుడు వీధిలో పిల్లలు అన్నదమ్ములని పెద్ద బస్తా, చిన్న బస్తా అనీ, వదినని పీపా అనీ పిలిచేవారట. పెద్ద బస్తా పోయాక మిగిలిన ఇద్దరూ పెద్దాసుపత్రిలో జరిగే ఒక పరిశోధనలో చేరారు. గుండెకి వెళ్ళే రక్తనాళాలు లోపల్లోపల పూడుకుపోతుంటే, ఛాతీలో నొప్పి రాకముందే రక్తంలో ఏమైనా గుర్తులు కనబడతాయా అని లావుపాటివాళ్ళ రక్తం తీసి చూస్తున్నారు అక్కడ.

వదిన రక్తం ఇచ్చింది. బాగుందన్నారని వచ్చి చెప్పింది. మా ఆయన వంతు మాత్రం తేలడం లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు కుడిచేతి మీద ఓవెన్ కాల్చిన పుండు చీము పట్టి ఉంది. రక్తంలో వాపుని చూపించే గుర్తు బాగా ఎక్కువగా వచ్చింది. అది నాళాల్లో వాపో, చేతి మీది పుండో చెప్పలేం, మానాక రండి అన్నారు. మానింది. మళ్ళీ వెళ్ళేనాటికి ఇంకో కాలిన పుండు. దాని తరవాత మరోటి. బేకరీ పనివాడి చెయ్యి, కాలకుండా ఎలా ఉంటుందని అందరం సరిపెట్టుకున్నాం.

కిందటి వారం భాగం చివర్లో, నిద్రలో ఆయన చొక్కా చెయ్యి పైకి జరిగింది. ఎడమచేతి లోపలివైపు, మోచేతికి కాస్త దిగువన, స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రటి గీత. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాలి.

నేను ఆయన్ని లేపలేదు. చంటిదాన్ని చంకనేసుకుని వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా నిలబడ్డాను. పిల్ల నా జడ నోట్లో పెట్టుకుని నములుతోంది.

బేకరీలో చేరిన కొత్తలో నేను మనుషుల్ని చేతుల్ని బట్టి గుర్తుపట్టేదాన్ని. ప్యాకింగ్ బల్ల కాస్త పల్లంలో ఉండేది. తల వంచుకుని పని చేసుకుంటుంటే కళ్ళ ముందు నుంచి ట్రేలూ, వాటిని మోసే చేతులే వెళ్ళేవి. అందరికీ కుడి ముంజేతి వెలుపల, అడ్డంగా గీతలు. కొన్ని నల్లగా, కొన్ని గులాబీరంగులో. మా ఓవెన్‌కి మూతి ఇరుకు. ట్రే లాగేటప్పుడు ఆ మూతి పైఅంచు చేతి వెనకవైపు తగులుతుంది. ఎంత పనిమంతుడైనా ఎప్పుడో ఒకప్పుడు తగలాల్సిందే. ఎడమచెయ్యి మాత్రం తలుపు పిడి మీద ఉంటుంది. తలుపు దానంతటదే మూసుకుపోతుంది గనక వదలడానికి లేదు. అన్నేళ్ళలో ఎడమచేతి లోపలివైపు గీత ఉన్న మనిషిని నేను ఒక్కణ్నీ చూడలేదు.

స్టవ్ ఆపేశాను.

సాయంత్రం ఆయన కిందకి దిగి పిండి కలిపే మెషిన్ ఆన్ చేసిన చప్పుడు విని, పిల్లని ఎత్తుకుని నేనూ దిగాను. పనివాళ్ళు ఇంకా రాలేదు. బల్ల మీద పిండి ముద్ద తడిగుడ్డ కప్పుకుని పొంగుతోంది. ఆయన ట్రేలకి నూనె రాస్తున్నాడు. ఎప్పుడూ బనీనుతో తిరిగే మనిషి, ఆ వేడిలో పొడుగుచేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీలు కూడా పెట్టుకున్నాడు.

"చలేస్తోందా?" అన్నాను.

"ఎవరికి?"

"మీకే. చొక్కా తొడుక్కున్నారు."

"పెళ్ళాం తనిఖీకి వస్తుందని తెలిసి మర్యాదగా తయారయ్యాను," అన్నాడు. పిల్లని చూసి బుగ్గలు పూరించాడు. పిల్ల కేరింతలు కొడుతూ ఆయన మీదకి దూకబోయింది. ఆ పొట్ట అంటే దానికి ప్రాణం. ఇంట్లో దానికి అంతకంటే మంచి పరుపు లేదు.

అప్పుడే వెనక మెట్లెక్కి గుమ్మంలోంచి వదిన వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. వంటగది పక్క గదిలోనే ఉంటుంది, ఒక్కతే. పెళ్ళెందుకు చేసుకోలేదంటే, ఎత్తుకుని గుమ్మం దాటించేవాడు దొరకలేదంటుంది. రోజూ సాయంత్రం హాస్టల్ రొట్టెలు తనే స్వయంగా వచ్చి పట్టుకెళ్తుంది.

"ఒరే చిన్న బస్తా, నా రొట్టెలేవీ?" అంటూ లోపలికొచ్చి మైదా బస్తా మీద చతికిలబడింది. కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆ మెట్లు కట్టించినవాడెవడో కనబడితే వాడి మీద కూర్చుంటాను."

"వాడు పోయాడులే. నువ్వు కూర్చునే పోయుంటాడు," అన్నాడు మా ఆయన.

వదిన నవ్వుతూనే అరచెయ్యి దవడకి ఆనించుకుంది.

"ఏమైంది వదినా?"

"పన్ను పుచ్చినట్టుందమ్మా. నడిస్తే లాగుతుంది, కూర్చుంటే ఊరుకుంటుంది. నాలాగే సోమరి పన్ను."

"లవంగం పెట్టుకోలేకపోయావా?"

"ఏ పన్ను కింద పెట్టుకోను? ఏదో తెలిస్తేగా."

నా చూపంతా మా ఆయన చొక్కా చేతుల మీదే ఉంది. ఆ మాట విని వదిలేశాను. పిల్లని వదిన ఒళ్ళో కూర్చోబెట్టి ఓవెన్ దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ, ఒకసారి ఆ ట్రే బయటికి లాగండి."

"ఖాళీ ట్రేనా?"

"ఖాళీదే."

"ఎందుకే?"

"చూద్దామని. మీరు పని చేస్తుంటే చూసి చాలా రోజులైంది."

వదిన కిసుక్కున నవ్వింది. "చూపించరా. కట్టుకున్నది ముచ్చటపడుతుంటే."

ఆయన నా వంక అనుమానంగా చూశాడు గానీ, అలవాటైన చేతులు ఆగవు. ఎడమచేత్తో పిడి పట్టుకుని తలుపు తెరిచాడు. తొడుగు వేసుకున్న కుడిచెయ్యి లోపలికి పోనిచ్చి ట్రే లాగాడు.

"అలాగే ఉండండి," అన్నాను. "ఎడమచెయ్యి ఎక్కడుంది?"

ఆయన తన చేతిని తనే కొత్తగా చూసినట్టు చూశాడు. పిడి మీద ఉంది. ఓవెన్ మూతికి బారెడు దూరంలో.

"ఆ చెయ్యి లోపలివైపు కాలాలంటే మీరు ఎలా నిలబడాలో అది కూడా చూపించండి."

ఆయన ట్రేని బల్ల మీద పెట్టాడు. తలుపు వదిలేశాడు. అది ధడాలున మూసుకుంది.

"జారింది," అన్నాడు.

"ఏం జారింది?"

"చెయ్యి."

"గీత తిన్నగా ఉందండీ. జారినదైతే తోకలా సాగుతుంది. నేనూ ఇక్కడ పనిచేసినదాన్నే."

వదిన నవ్వు ఆగిపోయింది. "ఏమిటే ఇది? ఏం గీత?"

నేను ఆయన మణికట్టు గుండీ విప్పి చొక్కా పైకి మడిచాను. ఆయన అడ్డుచెప్పలేదు. మధ్యాహ్నం చూసిన ఎరుపు ఇప్పుడు బొబ్బగా తేలింది. వదిన లేచొచ్చి చూసింది. తన తమ్ముడి మొహంలోకి కూడా చూసింది. ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో మెషిన్ ఆపేసింది.

"వేడి ట్రే అంచుకి ఆనించావు కదరా," అంది మెల్లగా.

మా ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అది కిర్రుమంది. నేలని చూస్తూ మాట్లాడాడు.

"మొదటిది నిజంగానే కాలింది. రెండోది కూడా నిజమే. పుండుందని వాళ్ళు వెనక్కి పంపిస్తే ఇంటికొచ్చే దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను. ఎందుకో నాకే తెలియలేదు. మూడోసారికి చెయ్యి శుభ్రంగా మానిపోయింది. రేపు వెళ్ళాలనగా చూసుకున్నాను, ఒక్క మచ్చ లేదు. ఆ రోజు అన్నం దిగలేదు."

"అందుకని కాల్చుకున్నారా?"

"అన్నకి కొవ్వు పరీక్ష చేశారు, నీకు గుర్తుందా అక్కా? అంతా బాగుందన్నారు. ఆ కాయితం జేబులో పెట్టుకుని వీధంతా చూపించాడు. వాడు పడిపోయినప్పుడు కూడా అది జేబులోనే ఉంది." తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు బాగుందని చెబితే నేను నమ్మను. బాగాలేదని చెబితే తట్టుకోలేను. రెండూ వినకుండా ఉండే దారి ఒకటి దొరికింది. చురుక్కుమంటుంది, అంతే కదా."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎవరో పరాయిమనిషి చేశాడంటే పిచ్చివాడనేదాన్ని. ఈయన చేస్తే మాత్రం ఎందుకు చేశాడో నాకు చెప్పకముందే అర్థమైంది. ఆ సంగతే ఎక్కువ బాధపెట్టింది.

"మీకు భయం వేస్తే చొక్కా వేసుకుని దాచుకున్నారు," అన్నాను. "నాకు భయం వేస్తే ఏం చేస్తానో తెలుసా? మీరు కిందకి దిగిన దగ్గర్నుంచి కిటికీ పక్కన కూర్చుని వాసన చూస్తాను. పిల్లకి పాలిస్తూ వాసన చూస్తాను. నిద్రలో వాసన చూస్తాను. రొట్టె ఎర్రగా కాలితే కమ్మగా ఉంటుంది కదా, దానికి కూడా లేచి కూర్చుంటాను. మీ కూతురికి అయినా రొట్టె వాసన అంటే రొట్టె వాసనే అవ్వాలి."

ఆయన తలెత్తలేదు. పెద్ద మనిషి, ఆ చిన్న స్టూలు మీద, ఒళ్ళో తొడుగు పెట్టుకుని.

వదిన కదిలింది. వెళ్ళి ఆయన నెత్తి మీద ఒక్కటిచ్చింది, గట్టిగానే.

"నన్ను చూడరా. నేనెంత ఉన్నాను?"

"నా అంత."

"నీ కంటే ఒక బకెట్టు ఎక్కువే. నాకూ అదే అమ్మ, అదే నాన్న. నా రక్తం తీశారు కదా. ఏమన్నారు? బాగుందన్నారు. నాకే బాగున్నప్పుడు నీకు ఏమై చస్తుందిరా? సూది గుచ్చితే కళ్ళు మూసుకో. చెప్పేది వినాలంటే నీ పెళ్ళాం వింటుంది, నువ్వు చెవులు మూసుకో."

"నిజంగా బాగుందన్నారా?"

"అబద్ధం చెప్పి నాకేం వస్తుంది?"

ఆయన వదిన వంక చూశాడు. చిన్నప్పుడు చెరో జామకాయ అని ఒప్పందం చేసుకుని ఎక్కువ తక్కువలు చూసుకునే పిల్లాడి చూపు అది. భుజాలు కిందకి దిగాయి.

"రేపు వస్తాను," అన్నాడు.

"ఈ గీతతోనే రండి," అన్నాను. "ఎలా పడిందో కూడా మీరే చెప్పండి. ఈ పూట ట్రేలు నేను లాగుతాను."

"నీకు చేతకాదే."

"మీరు పక్కన నిలబడి తిట్టండి. వచ్చేస్తుంది."

వదిన రొట్టెలు సంచీలో సర్దుకుని, దవడ పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళింది. వెళ్తూ వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది. ఆ పూట మొదటి వాయి నుంచి చివరి వాయి దాకా నేనే లాగాను. మా ఆయన తిట్టాల్సిన చోట తిట్టాడు, మిగతా చోట్ల పిల్లకి పిండితో పిచ్చుకలు చేసిచ్చాడు. నాకూ ఒక గీత పడింది. కుడి ముంజేతి వెలుపల, పడాల్సిన చోటే.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన చెప్పిందంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా కనుబొమ్మలు ముడి వెయ్యలేదు. చిన్నావిడే, కళ్ళజోడు ముక్కు మీదకి జారుతుంటే వేలితో నెట్టుకుంటుంది.

"మా పరిశోధన నియమం ప్రకారం పుండు ఉంటే తీయకూడదు," అంది. "కాబట్టి ఇవాళ పరిశోధన కోసం తీయను, మీ కోసం తీస్తాను. పుండు వల్ల ఒక గుర్తు చెడుతుంది, అది వాపుది. దాన్ని పక్కన పెడదాం. కొవ్వుని మోసుకుతిరిగే కణాలు రక్తంలో ఎన్ని ఉన్నాయో చూస్తాం. దానికి మీ చేతి గీత పెద్ద అడ్డం కాదు."

"మా అన్నకి కొవ్వు బాగుందన్నారండీ," అన్నాడు మా ఆయన.

"మొత్తం కొవ్వు ఎంతుందో చూసి ఉంటారు. ఒక్కోసారి కొవ్వు మామూలుగానే ఉంటుంది, మోసే కణాలు మాత్రం మరీ ఎక్కువగా ఉంటాయి. మీ అన్నగారికి అదే జరిగిందని నేను అనలేను, చూడలేదు కదా. అలాగే ఈ గుర్తులు కూడా జాతకం కాదు. ఎవరిని ముందు జాగ్రత్తగా చూడాలో మాకు చెబుతాయి, అంతే."

నేను అడిగాను, "అక్కాతమ్ముళ్ళు ఒకే బరువు ఉంటే, ఒకరిది బాగుంటే రెండోవారిదీ బాగుంటుందా అమ్మా?"

"ఉండాలని లేదు. లావు పైకి కనిపిస్తుంది. నాళం లోపలేముందో లావు చెప్పదు." కళ్ళజోడు నెట్టుకుని ఆయన వైపు తిరిగింది. "మీకు ఛాతీలో బరువుగా ఉంటుందా? మెట్లెక్కినప్పుడు, నడిచినప్పుడు ఎడమచెయ్యిగానీ, దవడగానీ లాగినట్టుంటుందా? కూర్చుంటే తగ్గిపోతుందా?"

"లేదండీ," అన్నాడు ఆయన.

పిల్ల నా భుజం మీద నిద్రపోతోంది. దాని వీపు మీద ఆడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. నడిస్తే లాగుతుంది, కూర్చుంటే ఊరుకుంటుంది. ఏ పన్నో తెలియదు.

ఆయన్ని ఈసీజీ తియ్యడానికి లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. రక్తం తీసే అమ్మాయి సీసాల మీద చీటీలు అంటిస్తూ నన్ను పలకరించింది. "మీ వదినగారు ఊళ్ళో లేరా అండీ? ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తడం లేదు. ఒకసారి రమ్మనండి, డాక్టరమ్మ ఆవిడతో నేరుగా మాట్లాడాలంటున్నారు."

"రిపోర్టు బాగుందన్నారు కదా?"

ఆ అమ్మాయి చీటీ అంటించడం ఆపింది. "ఎవరన్నారండీ? ఆవిడ రక్తం ఇచ్చి వెళ్ళాక మళ్ళీ ఇటు రాలేదు. ఎవరూ ఇంకా ఏమీ చెప్పలేదు ఆవిడకి."

తలుపు అవతల మా ఆయన ఎవరితోనో నవ్వుతున్నాడు, తీగలు అంటిస్తుంటే గిలి పెడుతోందని. అక్క మాట మీద వచ్చి పడుకున్నాడు అక్కడ. అక్క రక్తం బాగుంది గనక తనదీ బాగుంటుందని నమ్ముకుని. తన సంగతి తనకే తెలియకుండా, తమ్ముణ్ని ఈ మంచం దాకా తోలడానికి వదిన ఎంత తేలిగ్గా చెప్పేసింది ఆ మాట.

ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అది హాస్టల్ పిల్లలందరూ క్లాసులకి వెళ్ళే వేళ. వంటగది ఖాళీగా ఉంటుంది. వదిన వెనక తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టుకుని నడుం వాలుస్తుంది. మళ్ళీ చేశాను. భుజం మీద నిద్రపోతున్న పిల్ల, గోడ అవతల తీగల మధ్య మనిషి. లేచి పరిగెత్తడానికి లేదు. మళ్ళీ చేశాను.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఆ తలుపు ఎలాగోలా తెరుచుకునే ఉంటుంది. అక్కడికి మీరు వెళ్ళక్కరలేదు. కానీ మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో, అందరినీ నవ్విస్తూ, తనని తానే ఆటపట్టించుకుంటూ, మెట్లెక్కి వచ్చి ముందు కూర్చోవడానికి చోటు వెతుక్కునే అక్క ఒకరు ఉండే ఉంటారు. ఇవాళే ఒకసారి వెళ్ళి చూసి రండి. పన్ను నొప్పి అంటే ఏ పన్నో చూపించమనండి. బాగుందన్నారంటే, ఎవరన్నారో అడగండి.